ఎడమ పక్కకు తిరుగు

"వెల్లకిలా వద్దు. ఎడమ పక్కకు తిరుగు" అంది గుర్యే అక్క.

మల్సుక్ వినలేదు. తడి బల్ల మీద వెల్లకిలానే పడుకుంది.

కొరియా రేవు పట్టణం మొక్పోలో, చేపల బజారు వెనక వీధిలో ఆడవాళ్ళ స్నానశాల అది. ఆదివారం మధ్యాహ్నం కావడంతో బజారు మొత్తం అక్కడే ఉంది.

ఒళ్ళు రుద్దే ఆమె గుర్యే ఊరి నుంచి వచ్చి నెల కాలేదు. అందరూ గుర్యే అక్క అనేవారు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

"ముందు వెల్లకిలా, తర్వాత పక్కలు, చివర బోర్లా. ఎక్కడైనా అంతేగా అక్కా!" అంది మల్సుక్. గొంతు బొంగురుగా ఉంది.

"ఏమైనా తిన్నావా?"

"రెండు కాల్చిన గుడ్లు, ఒక గ్లాసు సిఖే. ఆ తియ్యటి బియ్యపు నీళ్ళు తాగకపోతే స్నానానికి వచ్చినట్టే ఉండదు."

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. ఒళ్ళు రుద్దుతారా, పోలీసు ప్రశ్నలు అడుగుతారా?"

పక్క బల్ల మీది ఆవిడ కిసుక్కున నవ్వింది.

గుర్యే అక్క చూపు మల్సుక్ పొట్ట మీద ఆగింది. అక్కడ ఐదు చిన్న కోతల మచ్చలు.

"కడుపు చిన్నది చేయించుకున్నావా?"

"ఏడాదైంది. నలభై కిలోలు తగ్గాను!" అందరికీ వినబడేలా చెప్పింది మల్సుక్. "ఆస్పత్రి గోడ మీద ఒకామె ఫోటో ఉంటుంది. పాత ప్యాంటు నడుము ఇంత దూరం లాగి పట్టుకుని నవ్వుతుంటుంది. ఆ నడుము చూపించి, నన్నూ ఇలా చెయ్యండి డాక్టరు గారూ అన్నాను."

"ఫోటో తీసేటప్పుడు అందరూ నవ్వుతారు" అంది గుర్యే అక్క. రెండు తువ్వాళ్ళు చుట్టి మల్సుక్ తల కింద ఎత్తు పెట్టింది. "పొద్దున్నే పొడి దగ్గు వస్తుందా?"

వస్తుంది.

"నోట్లోకి పుల్లటి నీళ్ళు? ఛాతీలో మంట?"

అవీ ఉన్నాయి. మూడు నెలలుగా. కానీ మల్సుక్ ఎవరికీ చెప్పలేదు. మంచి కడుపు కోయించుకుంటావా అని మొగుడు అప్పుడే గొడవ చేశాడు. ఇప్పుడు చెబితే చూశావా అంటాడు.

బజారులో అందరికన్నా పెద్ద గొంతు మల్సుక్‌ది. చేపలమ్మే ఆమెకు ఆ గొంతే వ్యాపారం. నెల రోజులుగా అది లేవక, గిన్నె మీద గరిటెతో కొట్టి బేరాలు పిలుస్తోంది.

"జలుబు చేసింది" అంది.

"ఇది జలుబు కాదు. కోసిన డాక్టరు దగ్గరికే వెళ్ళు. గొంతులోంచి గొట్టం వేసి చూడమను. తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకు. ఆ సిఖే మానెయ్. తిరుగు, ఎడమ పక్కకు."

గుర్యే అక్క ఆమె భుజం పట్టి మెల్లగా తిప్పింది.

వదులైన పొట్ట చర్మం బల్ల మీదికి జారింది. పక్కావిడ మళ్ళీ నవ్వింది.

మల్సుక్ ఒంట్లో రక్తమంతా ముఖంలోకి వచ్చింది.

"ఇందుకేనా పక్కకు తిరగమన్నావ్? నా చర్మం పదిమందికీ చూపించడానికా?"

"కాదమ్మా. నేను కూడా..."

"ఒంటి మట్టి తీసేదానికి నీకెందుకు వైద్యం?"

గుర్యే అక్క చేతి తొడుగు తీసేసింది. ఆవిరిలో తడిసిన ముఖం, మధ్యలో తెగిన ఎడమ కనుబొమ్మ. ఆ ముఖంలో కోపం లేకపోవడం చూసి మల్సుక్‌కు ఇంకా మండింది.

తువ్వాలు చుట్టుకుని నేరుగా స్నానశాల యజమానురాలి దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చేసింది.

యజమానురాలు చేతులు తిప్పుకుంటూ వచ్చింది. "రుద్దమంటే రోగాలు అంటగడతావా? ముందే నీ వాలకం నాకు నచ్చలేదు. స్నానాలయ్యాక హాల్లో అందరూ హాయిగా పడుకుంటే నువ్వొక్కదానివే గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతావు. పిల్లలు జడుసుకుంటున్నారు. రేపటి నుంచి రాకు."

గుర్యే అక్క రుద్దే తొడుగును ఉతికి, పిండి, మేకుకు తగిలించింది. సంచీ తీసుకుంది.

వెళ్తూ మల్సుక్ దగ్గర ఆగింది. "ఎడమ పక్కకే" అంది.

మల్సుక్ పంతానికి ఇంకో గ్లాసు సిఖే తాగింది. హాల్లో వెచ్చటి నేల మీద కుడి పక్కకు తిరిగి పడుకుంది.

అరగంట గడిచింది.

పుల్లటి మంట ఒక్కసారిగా గొంతులోకి, ముక్కులోకి ఎగదన్నింది. ఊపిరి అందలేదు. మల్సుక్ లేచి కూర్చుని, కళ్ళు తేలేసి, అరచేత్తో నేలను బాదింది.

యజమానురాలు పరుగున వచ్చి వీపు చరిచింది.

ఊపిరి తిరిగిందో లేదో, "గుర్యే అక్క..." అంది మల్సుక్.

"బస్సెక్కేసింది."

"ఏ ఊరికి?"

"నేను అడగలేదు."

మర్నాడు ఆపరేషన్ చేసిన డాక్టరే గొట్టం వేసి చూశాడు.

"అన్నవాహికలో పుళ్ళు పడ్డాయి. మూడు నెలలు ఎలా దాచారమ్మా? ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి పులుపు పైకి తంతుంది. మందులు రాస్తాను. తలవైపు ఎత్తు పెట్టుకోండి. పడుకునేటప్పుడు..."

"ఎడమ పక్కకు తిరగాలి. తిన్నాక మూడు గంటలు వాలకూడదు."

"ఎవరు చెప్పారు?"

మల్సుక్ మందుల చీటీ కోసం చెయ్యి చాపింది.

"ఎవరో గానీ సరిగ్గా చెప్పారు. భయపడకండి, గొంతు మళ్ళీ వస్తుంది. అశ్రద్ధ చేసి, నడుం వాల్చలేక కూర్చునే నిద్రపోయేదాకా తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు."

మల్సుక్ చీటీ మడత పెడుతూ ఆగిపోయింది.

గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కళ్ళ ముందు కదిలింది.

డాక్టరు గది బయటికి వచ్చి గోడ దగ్గర ఆగింది. ఎదురుగా ఆ ఫోటో ఉంది. ఏడాదిగా వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగేది. ఎప్పుడు ఆగినా ఆ ప్యాంటునూ, ఆ నడుమునూ చూసి వెళ్ళిపోయేది.

ఈసారి తల ఎత్తింది.

ఫోటోలో నవ్వుతున్న ఆమె ఎడమ కనుబొమ్మ సరిగ్గా మధ్యలో తెగి ఉంది.