గంగులయ్య బేరం

కిషోర్ బాబు చేతిలో అప్పటికి మిగిలినవి మూడు. కోట ఊరి బస్టాండు ఎదురుగా ఒక సెల్‌ఫోన్ షాపు. నెట్ ఉన్న పాత కంప్యూటరు. మనిషి అలికిడి లేని ఇల్లు.

భార్య కెజియా పోయి ఏడాది దాటింది.

ఒకప్పుడు పాటలు ఎక్కించుకోవడానికి షాపు ముందు జనం నిలబడేవారు. ఇప్పుడు ఎవరి ఫోన్లో వాళ్లకే అన్నీ దొరుకుతున్నాయి. కిషోర్ బాబు మాత్రం కంప్యూటరు తెరిచినా ఏమీ వినడు, ఏమీ చూడడు. కుర్చీలో జారగిలబడి రోడ్డు చూస్తాడు.

నెలాఖరుకు తాళాలు బావమరిది నరేంద్రబాబుకు ఇచ్చేద్దామనుకున్నాడు. తర్వాత ఏమిటన్నది ఆలోచించలేదు. పొద్దున్నే లేవడానికి ఆయనకు ఇంకో కారణం లేదు.

అలాంటి ఒక గురువారం గంగులయ్య వచ్చాడు. ఎండకు మాడిన ఒళ్లు, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ. సముద్రపొడ్డు పాళెం మనిషని చూడగానే తెలుస్తుంది.

మెమరీ కార్డు బల్ల మీద పెట్టాడు.

"దీంట్లో పాటలెక్కించు అబ్బయ్యా. బొమ్మల కథలు గూడా."

"ఏ పాటలు కావాలి?"

"నాకేం దెలుసు? నువ్విని, బాగుండాయి అనుకున్నవే ఎక్కించు."

"ఇరవై రూపాయలకి వినిపెట్టడం కూడానా పెద్దాయనా?"

"మెతుకు పట్టి చూడకుండా అన్నం వడ్డిస్తారా ఎవురైనా?"

కిషోర్ బాబు ఏవో పాత ఫైళ్లు ఎక్కించి పంపేశాడు.

మరుసటి గురువారం గంగులయ్య మళ్లీ దిగాడు.

"పోయిన వారం ఎక్కించినావే, మూడో పాట. అదెట్టుంటదో ఒక ముక్క అను."

"నువ్వు విన్నావు కదా!"

"నేనినింది కాదు, నువ్వినింది అడగతా ఉండా."

కిషోర్ బాబు కంప్యూటరు వైపు తిరిగి ఆ ఫైలు పేరు వెతికాడు.

"విన్లేదా? అయితే అన్నీ తుడిచేసి కొత్తవి ఎక్కించు. వచ్చే వారం మళ్లీ అడగతా."

సరుకు తడిమి చూసి కొనే రకం అనుకున్నాడు కిషోర్ బాబు. అలాంటి గిరాకీ చేత మాట పడటం ఆయనకు ఇష్టం లేదు. ఆ వారం కూర్చుని వెతికాడు.

ఒక పాట ఇంకో పాటకు దారి చూపింది. ఎక్కడో కొండల్లో పెదవుల మధ్య ఆకు పెట్టి ఊదే పిల్ల దొరికింది. బెంగాల్ నది మీద తనలో తాను పాడుకుంటూ పోయే పడవవాడు దొరికాడు, వెనక కాకుల గోలతో సహా. చితికిపోయిన హార్మోనియాన్ని నలభై నిమిషాలపాటు మాట్లాడకుండా బాగుచేసే ముసలాయన ఒకడు. ఆయన చివర్లో ఒక్క మెట్టు నొక్కి చూస్తే, ఇక్కడ కిషోర్ బాబు "హమ్మయ్య" అన్నాడు.

తర్వాత ఒక బొమ్మల కథ. పీత ఒకటి పాత చెప్పులో కాపురం పెడుతుంది. రెండో చెప్పు కోసం ఒడ్డంతా తిరుగుతుంది. ఇరవై ఏడు పేజీలు, ఒక్క మాట లేదు.

ఖాళీ షాపులో కిషోర్ బాబు గట్టిగా నవ్వాడు. నవ్వి, చూపిద్దామని పక్కకు తిరిగాడు.

పక్కన ఎవరూ లేరు.

గురువారం దాకా దాచుకుని, గంగులయ్య రాగానే విన్నవీ చూసినవీ అన్నీ చెప్పాడు.

"ఆకు ఎట్టా ఊదింది ఆ పిల్ల?" అన్నాడు గంగులయ్య.

కిషోర్ బాబు పెదవులు బిగించి ఊదాడు. ఉత్త గాలి వచ్చింది.

"గ్యాసయిపోయిన పొయ్యి మాదిరుండాదే! పాట అను, పాట."

కిషోర్ బాబు మొహమాటపడుతూనే పడవవాడి పాట ఎత్తాడు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. గంగులయ్య బల్ల మీద వేళ్లతో దరువు వేశాడు.

"ఇంకోసారి."

నెలాఖరు వచ్చింది. నరేంద్రబాబు ఫోన్ చేశాడు. "తాళాలు ఎప్పుడిస్తావు బావా?"

"ఈ గురువారం పోనీరా, చూద్దాం."

అలా మొత్తం ఐదు నెలల గురువారాలు పోయాయి.

ఆ తర్వాత ఒక గురువారం గంగులయ్య రాలేదు. పై గురువారమూ రాలేదు. మూడోదానికి కిషోర్ బాబు షాపుకు తాళం వేసి పాళెం బయల్దేరాడు.

గుడిసె ముందు ఒక ముసలామె చేపలు ఎండబెడుతోంది.

"గంగులయ్య గారిల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే నాయనా. ఆయన పోయి పదారు దినాలు." ఆమె తలెత్తి చూసింది. "కోటలో పాటల అబ్బయ్యవి నువ్వేనా? నేను ఆయన పెళ్లాన్ని, ముసలమ్మని."

కిషోర్ బాబు రెండడుగులు దగ్గరికి వేశాడు.

"ఆయన ఫోన్ ఇవ్వమ్మా. కొత్త పాటలు ఎక్కించి తెచ్చిస్తా. మీరన్నా వింటారు."

"ఫోనా? మా ఇంట్లో ఫోన్ యాడిది నాయనా?"

"మరి ఆ కార్డు?"

"బస్టాండులో దొరికిందంట."

"ఫోన్ లేకుండా వారం వారం పాటలెందుకమ్మా?"

ముసలమ్మ చేపలు తిరగేసింది.

"మా ఆయన పెద్ద వలకి పాట ఎత్తే మనిషి. ముప్పై మంది లాగతా ఉంటే ఈయన తాడు ముట్టుకోడు, పాడతాడు. ఆ పాటకే ఆయనకి పడిన చేపల్లో ఒక పాలు ఇచ్చేవోళ్లు. ఆయనకి రాని పాటా?"

కిషోర్ బాబు నిలబడే ఉన్నాడు.

"లాగలేక ఎవుడో ఒకడు ఇసకలో కూలబడతాడు. అందరూ వాణ్ణి తిడతారు. ఈయన తిట్టడు. తన పాట ఆపేసి, 'నువ్వెత్తుకో' అంటాడు వాడితో. పాట ఎత్తుకున్నోడు కూలబడి ఉండలేడు గదా నాయనా, లేస్తాడు."

ఆమె చేతులు దులుపుకుంది.

"ఒకనాడు కోట నించి వచ్చి చెప్పినాడు. 'అంగట్లో ఒకాయన కూలబడుండాడే' అని."

కిషోర్ బాబు అక్కడే, ఆ ఎండలో, లెక్క చూసుకున్నాడు.

ఇరవై రెండు గురువారాలు ఆ బల్ల దగ్గర పాట అమ్మింది గంగులయ్య; కొనుక్కుని లేచి నిలబడింది తను.