రెండు చేతులు, ఇద్దరు మనుషులు

“ఇది మూడోసారి. ఈసారి కూడా ఒకరు పోయారంటే నువ్వింక అంబులెన్స్ ఎక్కవు, ఇంటికే,” అంది ట్రైనింగ్ మేడమ్, వీఆర్ హెడ్‌సెట్ పట్టీని ఆ అమ్మాయి తల వెనక బిగిస్తూ.

“మేమందరం నీకు తోడు వస్తాంలే,” అన్నాడు గోడకి ఆనుకున్న పొడుగోడు. నిన్న ఇదే పరీక్షలో, తెరమీది ఇద్దరు క్షతగాత్రుల్లో వాడి చేతిలోనూ ఒకరు పోయారు. ఆ మాటకొస్తే ఇద్దరినీ బతికించిన మొనగాడు ఆ బ్యాచ్‌లో ఇంతవరకు లేడు.

ఆమెను అందరూ ‘కంగారు’ అనే పిలుస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు.

“కంగారూ,” అన్నాడు పొడుగోడే మళ్లీ, “మొన్నటిలా ఆ దెబ్బతిన్న బొమ్మలతో మాటలు పెట్టుకోకు. అది మిషను. దానికి చెవులుండవు.”

ఆమె తలూపింది. కళ్లముందు రోడ్డు తెరుచుకుంది. పక్కకి ఒరిగిన బస్సు, పొగ, ఆగకుండా మోగే హారన్. అంతే, గదీ మర్చిపోయింది, కాళ్లకింద చాపా మర్చిపోయింది.

ఎడమవైపు ఒక పడుచుపిల్ల. తొడ మొదట్లో గాయం. పైన బిగించి కట్టడానికి చోటు లేదు, చేత్తో నొక్కి పట్టాల్సిందే. ఆరడుగుల అవతల ఒక ముసలాయన. స్పృహ లేదు, గొంతులో గురగుర. రెండో అంబులెన్స్ రావడానికి ఏడు నిమిషాలు.

గుడ్డ పెట్టి రెండు చేతులా నొక్కింది. రక్తం తగ్గింది. అటు గురగుర ఆగిపోయింది. లేచి తాత దగ్గరికి ఉరికింది. ఇటు రక్తం ఎగజిమ్మింది. మళ్లీ వెనక్కి. నిప్పు తొక్కిన కోతిలా అటూ ఇటూ రెండుసార్లు తిరిగేసరికి రెండు నిమిషాలు హరించుకుపోయాయి.

“అయ్యో, అయ్యో, ఇంకో రెండు చేతులుంటే!”

తలెత్తి చూసింది. చుట్టూ పదిమంది జనం. అందరికన్నా ముందు, నీలం చొక్కా వేసుకున్న లావుపాటి మనిషి ఫోను ఎత్తిపట్టి తాపీగా వీడియో తీస్తున్నాడు.

ఆమెకి ఒళ్లు మండింది.

“ఏమయ్యోయ్, నిన్నే! నీలం చొక్కా! దున్నపోతులా నిలబడి ఏం చూస్తున్నావ్? ఆ ఫోను జేబులో పెట్టి ఇటు రా!”

“మొదలెట్టింది తల్లి,” అని గోడమీది తెరలో అంతా చూస్తున్న పొడుగోడు పకపకా నవ్వాడు.

నీలం చొక్కావాడు ఫోను జేబులో పెట్టాడు. వచ్చాడు. మోకాళ్లమీద కూలబడ్డాడు.

“నాకు రక్తమంటే భయమండీ,” అన్నాడు.

“భయపడుతూనే నొక్కు! రెండు చేతులూ, ఇదిగో ఇక్కడ. నేను చెప్పేదాకా తీశావో, నీ వీపు విమానం మోతే!”

పొడుగోడి నవ్వు సగంలో తెగిపోయింది.

ఆమె తాత దగ్గరికి ఒక్క దూకు దూకింది. గొంతులో గొట్టం పెట్టి అడ్డంపడిన రక్తం లాగేసింది. దవడ పైకెత్తి పట్టుకుంది. “పీల్చు తాతా, పీల్చు, నీకు పుణ్యముంటుంది.” ఛాతీ ఒకసారి కదిలింది. ఇంకోసారి. ఆ తర్వాత వరసపెట్టి.

“నీలం చొక్కా, చేతులు అక్కడే ఉన్నాయా?”

“ఉన్నాయి, ఉన్నాయి!”

“శభాష్! మగాడివంటే నువ్వేనయ్యా! ఇంకొక్క నిమిషం!”

సైరన్ వినిపించింది. కళ్లముందు పచ్చదీపం వెలిగింది.

ఆమె హెడ్‌సెట్ పీకేసింది. జుట్టంతా చెమట. గోడమీది తెరలో తాతా బతికున్నాడు, పిల్లా బతికుంది.

“పాసా మేడమ్? నిజంగా పాసేనా?” అని చాపమీదే గంతులేసింది.

“మేడమ్, ఇది అన్యాయం!” పొడుగోడు అరిచాడు. “ఆ బొమ్మ మాతో మాట్లాడలేదు, మాకు సాయం చెయ్యలేదు!”

“మీరెవరన్నా పిలిచారా?” అంది మేడమ్.

పక్కగది తలుపు తెరుచుకుంది. గుమ్మంలో ట్రైనింగ్ సెంటర్ ప్రిన్సిపాల్. నుదుటి మీదికి నెట్టిన ఇంకో హెడ్‌సెట్, కళ్లచుట్టూ దాని అచ్చు. రెండు చేతులూ ముందుకి చాచి, దేన్నో గట్టిగా నొక్కుతున్నట్టు బిగబట్టి ఉన్నాడు.

“అమ్మాయ్,” అన్నాడు ఆయన రొప్పుతూ, “ఈ దున్నపోతు ఇక చేతులు తీయొచ్చా?”