హైమావతి క్యారేజీ

యంత్రాలకు ఆలోచన ఉందో లేదో తేల్చడం హైమావతి ఉద్యోగం. ఆ రోజు అనకాపల్లిలో వరహాలమ్మ ఇంటి వంటయంత్రం అప్పన్న వంతు వచ్చింది. నెగ్గితే ఇంట్లో ఉంటాడు, లేకపోతే మర్నాడు తుక్కు బండి ఎక్కుతాడు.

నూరు ప్రశ్నలకూ అప్పన్న తడుముకోకుండా బదులిచ్చాడు. అన్నీ ఊళ్ళో యంత్రాలన్నీ చెప్పే జవాబులే. మధ్యలో హైమావతి క్యారేజీ విప్పి, రెండు ముద్దలు తిని మూసేసింది.

"నాలుగో నెలండీ. నోటికేదీ సయించటం లేదు," అంది వరహాలమ్మతో.

అప్పన్న ఆ క్యారేజీ కడిగి తెచ్చి ఇచ్చాడు. హైమావతి కాగితం మీద 'ఆలోచన లేదు' అని రాసి మెట్లు దిగింది. చేతిలో సంచి బరువుగా తోచి, క్యారేజీ మూత తీసింది. నిండా వేడన్నం, పక్కన కొత్త మాగాయ.

వెంటనే వెనక్కి వచ్చింది. "మీరు పెట్టమన్నారా అమ్మా?"

"నేను మీ ముందు నుంచి లేస్తే కదమ్మా," అంది వరహాలమ్మ.

హైమావతి అప్పన్న వైపు తిరిగింది. "మరి నువ్వెందుకు పెట్టావు?"

"మనింట్లో కడిగిన గిన్నె ఖాళీగా ఎలా పంపుతామమ్మా? పైగా మీరేమీ తినలేదు."

"ఈ తెలివేదో పరీక్షలో చూపించొచ్చుగా?"

"మీరు అడగలేదు కదమ్మా."

హైమావతి నవ్వుతూ అక్కడే చతికిలబడి, 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాసింది. కింద 'ఆధారం జతపరచండి' అన్న చోట మాత్రం కలం ఆగింది. అప్పటికే ఆధారంలో సగం తినేసింది.