పాతవానల గుండ్లు

"ఇంకో గజం దించుమను బిడ్డా! గిప్పుడే ఆపితే ఎట్ల?" గోతి అంచున నిలబడి అరిచాడు కురుమయ్య.

జేసీబీ బకెట్ మళ్లీ దిగింది. పాతకాలపు నేలల మీద పరిశోధన చేసే నవనీత లోపలికి వంగి చూసింది. గట్టు ఊళ్లో ఆమెకు ఇదే ఆఖరి రోజు. కాలువ పనికొచ్చిన జేసీబీని పొద్దుగూకే వరకని బతిమాలి తెచ్చుకుంది. ఆలోపు సున్నపు రాతి గుండ్లున్న పాత మట్టిపొర దొరక్కపోతే ఏళ్ల పరిశోధన మట్టిపాలే.

పోయిన వారం సున్నపు గుండొకటి ఊళ్లో చూపించి, ఇలాంటివి ఎక్కడున్నాయని అడిగింది. మర్నాడు వాగు ఒడ్డుకు బయల్దేరుతుంటే కురుమయ్యే ఆపాడు.

"వాగుల ఏమున్నది? నా చేన్ల గంపలకొద్ది ఉన్నయి."

నిజమే. ఎండుతున్న బత్తాయి మొక్కల నడుమ, తెల్లని పొడి అంటిన ఎద్దులబండి పక్కన, నేలంతా గుండ్లే! తవ్వే చోటు ఆయనే చూపాడు. కొబ్బరికాయా ఆయనే కొట్టాడు.

"గీ గుండ్లు ఏం జెప్తయి బిడ్డా?" అంబలి చెంబు అందిస్తూ అడిగింది ఆయన భార్య చిన్నమ్మ.

"భూమి ఉడికిపోయిన కాలం ఒకటుండె అవ్వా. అప్పటి నేలల పుట్టిన గుండ్లల్ల ఐసోటోపులని ఉంటయి. అవి కొలిస్తే అప్పటి ఎండెంతో, వానెంతో ఎరుకైతది."

"ఎన్నేండ్ల కిందట?"

"కోట్ల ఏండ్లు."

"మరి రేపటి వానో?"

"అది తెల్వదు అవ్వా."

"ఆరుద్ర కార్తె పాయె, పునర్వసు పాయె. సచ్చిన వాన ముచ్చట జెప్తవు, వచ్చే వాన జెప్పవు. మంచి సదువే!" చిన్నమ్మ నవ్వింది. కురుమయ్య నవ్వలేదు. గోతిలోంచి చూపు తిప్పలేదు.

పొద్దు వాలింది. డ్రైవర్ వెంకటన్న ఇంజన్ ఆపాడు.

"ఇగ బకెట్ అందదు మేడం. నేను పోవాలె."

జేసీబీ వెళ్లిపోయింది. నవనీత గోతి అంచున కూలబడింది. లోపల పొర లేదు. ఒక్క గుండూ లేదు.

"పైన ఇన్ని ఉన్నయి గదా తాతా! లోపల ఒక్కటన్న లేదేంది?"

కురుమయ్య ఏటవాలుగా ఉన్న అంచు దగ్గరికి నడిచాడు. గోతిలోకి జారి, అడుగు మట్టి దోసెడు తీసి చెంపకు ఆనించుకున్నాడు.

"తడి లేదు, నీళ్లు పడలే," అన్నాడు.

"తడితో నాకేం పని? నాకు గుండ్లు గావాలె."

ఆయన వేళ్ల సందుల్లోంచి పొడిమట్టి జారిపోయింది. పైనున్న బత్తాయి మొక్కల వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

"ఆ గుండ్లు వాగుల నుంచి తోలుకొచ్చి సల్లింది నేనే, బిడ్డా."