గీత అవతలి గొంతు

బంతి కోసం ఎగిరిన ఇద్దరమ్మాయిల తలలు ఠప్పున కొట్టుకున్నాయి.

ఒకమ్మాయి లేచింది. మరీహా లేవలేదు.

ఫుట్‌బాల్ మైదానం గీత బయట నిలబడ్డ ముఖ్తార్‌కు గుండె ఆగినంత పనైంది. కూతురు కళ్లు తెరిచి కూర్చున్నాకే ఊపిరి పీల్చుకున్నాడు.

ఒక భయం పోగానే, కూతుర్ని ఆటలోంచి తీసేస్తారేమోనని ఇంకోటి పట్టుకుంది. ఈ సెమీఫైనల్, ఆపైన ఫైనల్ గెలిస్తే, ప్రపంచకప్ కోసం ఈ అరబ్బు దేశంలో కడుతున్న కొత్త స్టేడియం తెరిచే రోజున మరీహా స్కూలు పిల్లలే అక్కడ తొలి ఆట ఆడతారు. ఆ స్టేడియంలో ముఖ్తార్ ఇనప గొట్టాల పరంజా కట్టే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. కట్టినచోట ప్రేక్షకుడిగా కూర్చుని కూతురి ఆట చూడాలని ఎన్నాళ్లుగానో కలలు కంటున్నాడు.

స్కూలు జట్టు అమెరికన్ కోచ్ ఆర్లన్ పరుగున వచ్చి మరీహా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇవాళ ఏం వారం?" తెలివి సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి ఇంగ్లిష్‌లో అడిగాడు.

మరీహా బిక్కమొహం వేసింది.

"బేస్తారం బిడ్డా!" ముఖ్తార్ తెలుగులో అందించాడు. ఉర్దూలో అంటే మైదానంలో సగంమందికి తెలిసిపోతుంది మరి.

"థర్స్‌డే," అంది మరీహా.

"కిందటి మ్యాచ్ ఎవరితో ఆడాం?"

"ముఐథర్ స్కూల్ పిల్లలతోని!" మళ్లీ ముఖ్తారే అందించాడు.

"ముఐథర్," అంది.

కోచ్ ఆ అమ్మాయి వంక చూడటం మానేసి ముఖ్తార్ వంక చూశాడు.

"బూట్లు విప్పెయ్ తల్లీ. ఇవాళ ఆడవు. ఫైనల్ కూడా ఆడవు."

ముఖ్తార్‌కు ఇది అలవాటైన విద్యే. సైట్లో ఎవడికైనా తలకు దెబ్బ తగిలి క్లినిక్‌కు పోతే, వెనక నిలబడి తెలుగులో జవాబులు అందిస్తాడు. మలయాళీ నర్సుకు ముక్క అర్థం కాదు. మనిషికి డ్యూటీ పోదు. గొట్టం తగిలిన మర్నాడే పనిలోకి ఎక్కిన గంగన్న ఇప్పటికీ ఎదురైతే దండం పెడతాడు. నలుగురికీ మేలు చేస్తున్నాననే ముఖ్తార్ నమ్మకం.

గీత దాటి లోపలికి వెళ్లాడు. వచ్చిన ఇంగ్లిష్‌లో అరిచాడు.

"నా కూతురు అన్నీ కరెక్టుగా చెప్పింది కదా సార్!"

"జవాబులు కరెక్టే. ఆ అమ్మాయివి కావు."

"మీకు తెలుగొచ్చా?"

"రాదు," అని కోచ్ వేరే అమ్మాయిని లోపలికి పంపాడు.

మరీహా లేకుండానే జట్టు గెలిచింది. ముఖ్తార్ ఒళ్లు మరింత మండింది.

భార్య కనీజ్ అదే స్కూల్లో చిన్నపిల్లలకు టీచరు. కూతురికి అక్కడ సీటు దొరికింది ఆమె ఉద్యోగం వల్లే.

"తల దెబ్బ జీ. ఊకోరాదు?" అంది ఇంటికొచ్చాక.

"ఎట్ల ఊకోవాలె? దేశమంతా వరల్డ్ కప్ అని రంగులేసుకుంటుంటే, అమెరికాల మామిడికాయ లెక్కున్న బాలును చంకల వెట్టుకుని ఉరికెటోన్ని తెచ్చి మన పిల్లల మీద వెట్టిండ్రు! గాయినకు పిల్లల పేర్లు సుత యాదికుండయి. మొన్న బస్సును ఇంకో గ్రౌండుకు తోలిచ్చిండు."

"పాపం, మంచోడు జీ."

"మంచోడైతే ఇంట్ల కూసోమను."

శుక్ర, శనివారాల సెలవులయ్యాక ఆదివారం పొద్దున్నే నలుగురు తల్లిదండ్రుల్ని కూడగట్టి ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. కోచ్ పిల్లల పేర్లు మర్చిపోతాడన్నారు. బస్సు సంగతి చెప్పారు. ఏదీ అబద్ధం కాదు. వారం తిరక్కుండానే కోచ్ ఉద్యోగం ఊడింది. కొత్తగా వచ్చినాయన మరీహాను ఫైనల్‌కు తీసుకున్నాడు.

ఫైనల్ రోజు అల్ అజీజియా మైదానం పక్కన మరీహా బూట్లు తొడుక్కుని, లేసులు చేత పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఏంది బిడ్డా, యల్లా, జల్ది!"

"అబ్బూ, ముడి ఎట్ల ఏస్తరు?"

ముఖ్తార్ నవ్వబోయాడు. అంతలోనే మరీహా భళ్లున వాంతి చేసుకుని అతని చేతుల్లోకి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టర్ స్కాన్ చూసి బయటికొచ్చాడు.

"తలలో కాస్త నెత్తురు చేరింది. మందులతో తగ్గుతుంది. ఈలోపు ఇంకో దెబ్బ తగిలుంటే ఈ మాట చెప్పగలిగేవాణ్ణి కాదు. ఆ రోజు ఆటలోంచి తప్పించింది ఎవరు?"



"కోచ్ సార్," అంది కనీజ్, కళ్లు తుడుచుకుంటూ.

ముఖ్తార్ అక్కడి నుంచి తిన్నగా కోచ్ ఉండే అల్ హిలాల్‌కు పరుగెత్తాడు. కోచ్ ఇంటి గుమ్మంలో పెట్టెలు సర్ది ఉన్నాయి. లోపల కుర్చీలో కూర్చున్న కోచ్ తలెత్తి మర్యాదగా నవ్వాడు.

"టాక్సీ వచ్చిందా?"

"సార్, నేను... మరీహా తండ్రిని."

కోచ్ అలాగే నవ్వుతూ చూశాడు. ఆ పేరు ఆయనకు తట్టలేదు.

ముఖ్తార్‌కు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. చేతులు జోడించాడు.

"మాఫ్ చేయండి సార్. వెళ్లొద్దు. ప్రిన్సిపాల్ కాళ్లయినా పట్టుకుంటాను."

కోచ్ భార్య బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"వద్దండీ. ఆ తల్లిదండ్రులు చెప్పింది నిజమే. కాకపోతే ఈ పిల్లల మధ్య ఉన్నన్నాళ్లూ కాస్త తేరుకున్నట్టు కనిపించాడు. ఇక ఆయన్ని ఎక్కడా పనిలోకి తీసుకోరు."

ముఖ్తార్‌కు ఆ సెమీఫైనల్ గుర్తొచ్చింది. నోటికొచ్చిందే అడిగాడు.

"సార్‌కు తెలుగు రాదు. నేను జవాబులు అందిస్తున్నానని ఎలా పట్టుకున్నారు మేడమ్?"

ఆమె తలుపు సందులోంచి లోపలి కుర్చీ వైపు చూసింది.

"ఆయన అమెరికాలో ఫుట్‌బాల్ ఆడి పేపర్లకెక్కిన పెద్ద ఆటగాడు బాబూ. తలకు దెబ్బ తగిలినప్పుడల్లా, ఆట పోకూడదని, డాక్టర్ వెనక నిలబడి జవాబులు అందించింది నేనే."