మోగని కానుక

"ఇప్పుడు కళ్లు తెరువు!" అంటూ సుందర్ కొత్త పెళ్లాం ఒళ్లో నల్లటి ఎలక్ట్రిక్ గిటారు పెట్టాడు.

కెజియా మొహం వెలిగిపోయింది. పెళ్లికి ముందు టెక్కలి కాలేజీ స్టేజీ అదిరేలా హార్డ్ రాక్ వాయించిన చేతులవి.

"మెటల్ రాక్ వాయించీవోళ్ల కోసమే సేసిందంట. సవకే."

"మరి స్పీకరేది బావా? అది లేకపోతే దోమ మోతంతైనా రాదు కదా!"

"మామూలు గిటారైతే ఇల్లంతా ఇనబడిపోద్ది. అమ్మకి గిట్టదు. అందుకే ఏరి ఏరి ఇది కొన్నాను."

పెళ్లికి ముందు "నీ వాయింపు ఇనే నిన్ను సేసుకుంతన్నాను" అన్నది ఇతనే. కెజియా కసికొద్దీ తీగలన్నీ ఒక్కసారిగా కొట్టింది.

వాకిట్లో జీడిపప్పు పొట్టు తీస్తున్న అత్త తలైనా తిప్పలేదు.

"సూసావా!" సుందర్ మురిసిపోయాడు.