మూడో నంబరు ఇంజిను

"నువ్వే నొక్కావు," అన్నాడు శశిధర్.

నల్ల ఇంజిను నేల మీద బోర్లా పడి ఉంది. దాని పొగగొట్టం విరిగి టీవీ స్టాండు కిందికి దొర్లిపోయింది. బల్లల మీద, పట్టాల మలుపులో, ఎర్ర ఇంజిను మూతి పగిలి ఒరిగిపోయింది. అర నిమిషం కిందట, షెడ్డు లైనులో కదలకుండా ఉండాల్సిన నల్లది తనంతట తానే బయలుదేరి, ఎదురుగా వస్తున్న ఎర్రదాన్ని గుద్దేసింది. బొమ్మ రైళ్ళే కావచ్చు. కానీ ఒక్కొక్కటీ మూరెడు పొడవు. వాటి కోసం శశిధర్ తన న్యూ టౌన్ ఫ్లాట్‌లో సోఫాలన్నీ పడగ్గదిలోకి నెట్టేశాడు.

గవరయ్య రెండో రిమోట్ పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన చేసిన పాపం అదొక్కటే.

"ఇది డిజిటల్ అని నాలుగు ఆదివారాలు చెప్పాను. ప్రతి ఇంజినుకూ ఒక నంబరుంటుంది, ఏ నంబరు పిలిస్తే అదే కదులుతుంది అని చెప్పాను. నేను మూడు నొక్కి ఎర్రదాన్ని పిలిచాను. నీ చెయ్యి తగలకపోతే నల్లది ఎలా కదిలింది?"

ఆ నాలుగు ఆదివారాలూ ఇదే నోరు "గవరయ్య గారూ, మీరు" అంది. బల్లలు మట్టం చూసిందీ, పట్టాల అతుకులు వేలితో తడిమి సరిచేసిందీ గవరయ్యే మరి.

టీ ట్రే పట్టుకుని వచ్చిన అప్పలలక్ష్మి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో వంట ఆమెదే. గవరయ్య ఆమె తండ్రి.

"మా అయ్య టికియాపారా రైలు యార్డులో ముప్పై నాలుగేళ్ళు పాయింట్లు మార్చినాడు బాబూ. ఒక్క బండి పట్టాలు తప్పనేదు. ఈయేల బొమ్మబండి కాడ తప్పు సేస్తాడేటి?"

"కీ హోలో, శశి?" అంటూ ఏమైందని బెంగాలీలో అడిగాడు సుబీర్‌దా. శశిధర్‌కి ఆఫీసులో పైవాడు. రైలు ప్రారంభోత్సవం చూడమని శశిధరే ఆయన్నీ, టీమంతటినీ పిలిచాడు. అందరి కళ్ళూ శశిధర్ మీదే ఉన్నాయి.

గవరయ్య నేల మీది ఇంజినును చూశాడు. బల్ల మీది ఇంజినును చూశాడు. శశిధర్ చేతిలోని రిమోట్‌ను కాసేపు చూశాడు. కూతురికేసి తిరిగి, ఊరుకోమన్నట్టు తల ఊపాడు.

"తగిలే ఉంటాది బాబూ. ముసలి సెయ్యి. తప్పు నాదే."

పెద్దాయన పొరపాటున బటన్ నొక్కేశాడని శశిధర్ అందరికీ చెప్పాడు. అందరూ అయ్యో అన్నారు.

మర్నాడు పొద్దున్నే గొట్టం అతికిద్దామని కూర్చుని, నల్ల ఇంజినుతో వచ్చిన పుస్తకం మొదటిసారి తెరిచాడు శశిధర్. మొదటి పేజీలోనే ఉంది. కొత్త ఇంజిన్లన్నీ ఫ్యాక్టరీ నుంచి మూడో నంబరుతోనే వస్తాయి; పట్టాలెక్కించే ముందు రెండోదానికి వేరే నంబరు ఇచ్చుకోవాలి. నల్లది నిన్న పొద్దున్నే కొరియర్‌లో వచ్చింది. వచ్చినవాళ్ళు చూస్తే బాగుంటుందని అట్టపెట్టెలోంచి తీసి అలాగే షెడ్డులో నిలబెట్టాడు. తను మూడు అని పిలిచాడు. రెండూ పలికాయి.

ఆఫీసులో రోజుకు పదిమంది కస్టమర్లకు "ముందు మాన్యువల్ చదవండి" అని జవాబు రాసే మనిషి ఇతను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పును ముసలాయన చేతి మీదికి తోసేశాడు. సిగ్గుతో పుస్తకం మూసేశాడు.

భార్య మహిత వంటింట్లోంచి వచ్చింది. "లక్ష్మి ఫోన్ చేసింది, ఇవాళ రాదట. వాళ్ళ నాన్న నిన్నటి నుంచి అన్నం ముట్టలేదట. శశీ, నిజంగా ఆయనే నొక్కాడా?"

నిజం గొంతు దాకా వచ్చింది. వెనకే సుబీర్‌దా నవ్వు కూడా వినిపించినట్టయింది.

"మరి?" అన్నాడు శశిధర్.

మహిత అటు వెళ్ళగానే నల్ల ఇంజినుకు ఏడో నంబరు ఇచ్చాడు. రెండు నిమిషాల పని. పుస్తకం బీరువాలో బట్టల కింద దాచేశాడు. తేలు కుట్టిన దొంగకి ఇంతకన్నా దారేముంది?

కానీ వారమంతా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ముసలి చెయ్యే గుర్తొచ్చింది. శనివారం సందేశ్ మిఠాయి పొట్లం కట్టించుకుని టికియాపారాలో వాళ్ళింటికి వెళ్ళాడు. తప్పు నాదని చెప్పేయాలనే వెళ్ళాడు. తీరా గుమ్మంలో గవరయ్య కనబడేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"పోనీలెండి గవరయ్య గారూ. నేనేమీ మనసులో పెట్టుకోలేదు. రేపు మళ్ళీ అందరూ వస్తున్నారు. ఈసారి బండి మీరే నడపాలి."

అప్పలలక్ష్మి మొహం తిప్పుకుంది. గవరయ్య మాత్రం, "నల్లది బాగైనాదా బాబూ?" అని అడిగాడు.

ఆదివారం అందరి ముందూ రిమోట్ గవరయ్య చేతిలో పెట్టాడు శశిధర్. తప్పు చేసిన మనిషికే మళ్ళీ బండి అప్పగిస్తున్నాడని సుబీర్‌దాకి తెగ నచ్చింది. "తోమార్ మొన్‌టా ఖూబ్ బొడో, శశి," అంటూ భుజం తట్టాడు. నీ మనసు చాలా పెద్దదట. శశిధర్‌కి అక్కడే నేలలోకి దిగిపోవాలనిపించింది. అయినా నవ్వాడు. ఒక్క రోజు గడిస్తే చాలు, ఈ సంగతి ఇక ఎవరికీ తెలియదు.

గవరయ్య తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వంగి పట్టాల పొడవునా చూశాడు. షెడ్డు లైనులో నల్ల ఇంజిను దగ్గర ఆయన చూపు ఆగింది. మీట మీద వేలు పెట్టాడు గాని నొక్కలేదు. శశిధర్ చెవి దగ్గరికి వచ్చి, మూడో మనిషికి వినబడకుండా అడిగాడు.

"ఈ పాలి నల్లదానికి ఏరే నంబరిచ్చినారా బాబూ?"